స్పిన్నింగ్ రీల్: కాటారం నీళ్లకు, తక్కువ ఖర్చులో

స్పిన్నింగ్ రీల్ అనేది గాలపు కర్రకు కిందివైపున బిగించుకునే చేతి యంత్రం. దారాన్ని దూరం విసరడానికి, పడిన చేపతో సహా తిరిగి చుట్టుకోవడానికి వాడతారు. ఇందులో దారం చుట్టుకుని ఉండే స్పూల్ కదలకుండా నిలిచి ఉంటుంది. విసిరినప్పుడు దారం ఆ స్పూల్ అంచు మీదుగా చుట్లు చుట్లుగా ఊడి వెళ్తుంది. పిడి తిప్పినప్పుడు స్పూల్ చుట్టూ రోటర్ తిరిగి, దాని మీది బెయిల్ తీగ దారాన్ని పట్టుకుని మళ్లీ చుట్టేస్తుంది. గాలిపటం చరఖా దీనికి సరిగ్గా ఎదురు పద్ధతి: అక్కడ దారం వదలాలంటే చరఖా మొత్తం తిరగాలి. పాతకాలపు రీళ్లన్నీ చరఖా తరహావే. తేలికైన ఎరను విసిరితే, బరువైన స్పూల్‌ను తిప్పే బలం ఆ ఎరకు ఉండదు. స్పూల్‌ను కదలకుండా నిలిపేయడంతో ఆ ఇబ్బంది పోయింది. కొత్తవాళ్లు మొదట ఈ రీల్‌నే పట్టుకోవడానికి కారణం అదే.

జయశంకర్ భూపాలపల్లి జిల్లా కాటారం చుట్టుపక్కల ఈ యంత్రం ఇంకా కొత్తదే. ఇక్కడ వేట అంటే వల, లేదంటే వెదురు కర్ర, తంగూసు దారం, బెండు, ఎర్ర. రీల్ కొనాలనుకున్నవాళ్లకు వీడియోల్లో దొరికే సలహాలు ఎక్కువగా సముద్రపు ఒడ్డున వేటాడేవాళ్లవి, లేదా చలిదేశాల ఏరుల్లో చిన్న చేపలు పట్టేవాళ్లవి. ఉప్పునీటికి తట్టుకునే బాడీ, పదకొండు బేరింగులు, పదిహేను కిలోల డ్రాగ్ అంటూ సాగే ఆ లెక్కలు గోదావరి ఇసుకకూ తామర నిండిన చెరువులకూ సగం కూడా పనికిరావు. ఇక్కడి నీళ్లకు కావలసిన రీల్ ఖరీదైనది కానక్కర్లేదు. అయితే తక్కువ ధరలో దేన్ని వదులుకోవచ్చో, దేన్ని వదులుకోకూడదో తెలిసి ఉండాలి.

పుట్టుక

కదలని స్పూల్ ఆలోచనకు పేటెంటు తీసుకున్నవాళ్లలో పేరున్నది ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ ఊరివాడు ఆల్‌ఫ్రెడ్ హోల్డెన్ ఇల్లింగ్‌వర్త్. అది 1905. ఆయనది ఉన్ని మిల్లుల వ్యాపారం. నూలు కండె కదలకుండా నిలబడి ఉండగా కొస మీదుగా దారం ఊడి పోవడం ఆయన రోజూ చూసే దృశ్యమే. అంతకు ముందే, 1884లో, స్కాట్లండులోని పెర్త్‌కు చెందిన పీటర్ మల్లోక్ విసిరేటప్పుడు స్పూల్‌ను పక్కకు తిప్పుకునే రీల్ చేశాడు. అందులో దారం మెలి తిరిగేది. ఇల్లింగ్‌వర్త్ రీల్ ఆ సమస్యను చాలావరకు తగ్గించింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్రాన్సులోని క్లూజ్ అనే గడియారాల తయారీ పట్టణం నుంచి వచ్చిన మిచెల్ రీళ్లు ఈ పద్ధతిని ప్రపంచమంతా చేర్చాయి. డ్యూపాంట్ కంపెనీ 1938లో ప్రకటించిన నైలాన్ కూడా ఇందుకు తోడైంది. అప్పటిదాకా వాడిన పట్టు దారం తడిస్తే బరువెక్కేది, ఆరబెట్టకపోతే కుళ్లేది. నైలాన్ రాకపోతే ఈ రీల్ ఇంత చవకగా ఇంతమంది చేతికి వచ్చేది కాదు.

మన వైపు సంగతి చూస్తే, మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివాన్ థామస్ 1873లో భారతదేశపు గాలపు వేట మీద ‘ద రాడ్ ఇన్ ఇండియా’ రాశాడు. ఆ తర్వాత చెరువుల్లో గాలం వేయడం గురించే విడిగా మరో పుస్తకం తెచ్చాడు. ఆయన కాలానికి ఈ తరహా రీల్ లేదు. ఆ పుస్తకాల నిండా తిరిగే చక్రాల రీళ్లే.

ఇక్కడి నీళ్లు

రీల్ ఎంపిక నీటిని బట్టి మొదలవ్వాలి. కాటారం నుంచి మహదేవ్‌పూర్ మీదుగా ఉత్తరంగా వెళ్తే కాళేశ్వరం దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. పడమటి వైపు మంథని దాపున మానేరు కలుస్తుంది. ఈ తీరంలో గోదావరి మీద కాళేశ్వరం ఎత్తిపోతల పథకం కోసం బరాజులు కట్టారు. వాటిలో అన్నారం బరాజుకు 66 గేట్లు, 10.87 టీఎంసీల నిల్వ. దిగువన మేడిగడ్డకు 85 గేట్లు, 16.17 టీఎంసీలు. 2019 జూన్ 21న మేడిగడ్డను ప్రారంభించారు. ఎండాకాలం రాగానే ఇసుక తిన్నెలు తేలే నదిలో, బరాజుల ఎగువన ఒడ్డు దాకా నీళ్లు నిలిచాయి. 2023 అక్టోబరులో మేడిగడ్డ పిల్లర్లు కుంగాక నీటిని వదిలేశారు. తిన్నెలు మళ్లీ తేలాయి.

వేటగాడికి దీని అర్థం చాలా సూటిగా ఉంటుంది. నీరు నిండుగా నిలిచినప్పుడు ఒడ్డు దగ్గరే లోతు ఉంటుంది కాబట్టి ఇరవై గజాల విసురు చాలు. నది పాయలుగా చీలి ఇసుక తేలినప్పుడు లోతైన మడుగు దూరంగా ఉంటుంది, తిన్నె మీద నిలబడి యాభై, అరవై గజాలు వేయాలి. రెండో పరిస్థితికి సరిపోయే రీల్ మొదటి దానికీ సరిపోతుంది, మొదటిది రెండో దానికి సరిపోదు. ఈ ఒక్క లెక్కతోనే మరీ చిన్న రీళ్లు పక్కకు పోతాయి.

చెరువుల తీరు వేరు. వరంగల్, భూపాలపల్లి, ములుగు వైపు కాకతీయుల కాలం నాటి చెరువులు చాలానే ఉన్నాయి. గణపురం, రామప్ప, లక్నవరం వాటిలో పెద్దవి. ఊళ్ల చెరువుల్లో తామర, గుర్రపుడెక్క, తుంగ ఒడ్డును కమ్మేసి ఉంటాయి. 2016–17 నుంచి రాష్ట్ర ప్రభుత్వం మత్స్యకార సంఘాలకు ఉచితంగా చేపపిల్లలు ఇచ్చే పథకం నడిపింది కాబట్టి బొచ్చె, రవ్వ, మృగాల, బంగారు తీగ ఇప్పుడు చాలా చెరువుల్లో ఉన్నాయి. వీటికి తోడు తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను ఉంది. దీన్నే ఇక్కడ కొర్రమట్ట అంటారు. నదిలో వాలుగ, జెల్లలు ఉంటాయి.

ఈ చేపలు గాలాన్ని అందుకునే పద్ధతే రీల్‌ను నిర్ణయిస్తుంది. బొచ్చె పైనీటిలోను, రవ్వ నడినీటిలోను, మృగాల అడుగున మేస్తాయి. తవుడు, పల్లి చెక్క, గోధుమ పిండి కలిపిన ముద్దను దూరంగా వేసి కూర్చుంటే చాలు. గాలం పడ్డాక రవ్వ నేరుగా లోతుకు పరుగెత్తుతుంది. అప్పుడు దారం జారి వెళ్లాలి, లేదా దారమో కర్రో పోతుంది. కొర్రమట్ట కథ అందుకు విరుద్ధం. అది గాలి పీల్చడానికి పైకి వచ్చే చేప, తామరాకుల సందుల్లో కప్ప బొమ్మను చూసి ఒక్కసారిగా దూకుతుంది. పట్టుకున్న మరుక్షణం కాడల్లోకి దూరుతుంది. అక్కడ దారం జారనిస్తే పని అయిపోయినట్టే, ఆ క్షణంలో బలంగా వెనక్కి లాగాలి. వానాకాలంలో పిల్లల గుంపును కాపలా కాసే కొర్రమట్ట జంటను మాత్రం వదిలేయాలి. తల్లిని పట్టిన రోజే పిల్లలు పరకల పాలవుతాయి.

వాలుగ మీటరు పైగా పెరిగే వేటచేప. నోట్లో పళ్ల వరుసలు ఉంటాయి కాబట్టి గాలం దగ్గర జానెడు తీగైనా, మందపాటి దారమైనా కట్టాలి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని ముప్పు పొంచి ఉన్న జాతుల్లో చేర్చింది. చిన్న వాలుగ పడితే నీటిలోకి వదలడమే మంచిది.

సైజు, దారం

రీళ్ల మీద 1000, 2500, 4000, 6000 అని అంకెలు ఉంటాయి. అవి స్పూల్ పరిమాణాన్ని సూచించే గుర్తులు, కొలతలు కావు. ఒక కంపెనీ 3000, ఇంకో కంపెనీ 2500 ఇంచుమించు ఒకటే కావచ్చు. అందుకే స్పూల్ మీద ముద్రించిన రెండో సంగతి చూడాలి. ఎన్ని మిల్లీమీటర్ల దారం ఎన్ని మీటర్లు పడుతుందో అక్కడ రాసి ఉంటుంది.

గోదావరికి, పెద్ద చెరువులకు 0.30 నుంచి 0.35 మిల్లీమీటర్ల నైలాన్ దారం 150 మీటర్లకు తగ్గకుండా పట్టాలి. అది 3000 లేదా 4000 సైజులో దొరుకుతుంది. ఒకటే రీల్ కొనేవాళ్లకు నా ఓటు 4000కే. బరువు సుమారు 300 గ్రాములు ఉంటుంది, పొద్దంతా విసురుతూ ఉంటే చెయ్యి నొప్పి పెడుతుంది. పిండి గాలం వేసి కర్రను ఆనించి కూర్చునే వేటకు ఆ బరువు లెక్కలోకి రాదు. కొర్రమట్ట కోసమే తిరిగేవాళ్లు 2500 లేదా 3000 తీసుకోవచ్చు. 1000 సైజు పరకలకు, చిన్న జెల్లలకు సరదాగా ఉంటుంది. అంతకు మించి ఆశించకూడదు.

దారం ఏ రకం అన్నది రీల్ ధర మీద ఆధారపడి ఉంటుంది. అల్లిన పాలిథిలిన్ దారం, అంటే అందరూ బ్రెయిడ్ అనేది, అదే మందంలో నైలాన్ కంటే చాలా బలమైనది, సాగదు, తామరకాడల్లోంచి చేపను లాగడానికి దానికి సాటి లేదు. కానీ చవక రీళ్లలో లైన్ రోలర్, అంటే బెయిల్ కొసన దారం తగిలి తిరిగే చిన్న చక్రం, మెత్తటి లోహంతో ఉంటే, ఆ దారం దాని మీద గీత కోసేస్తుంది. తర్వాత ఆ గీతే దారాన్ని కోస్తుంది. పైగా ఈ దారాన్ని నున్నటి స్పూల్ మీద నేరుగా చుడితే ఉండ మొత్తం జారి తిరుగుతుంది. ముందు కొన్ని మీటర్లు నైలాన్ చుట్టి, ఆపైన బ్రెయిడ్ కట్టాలి. మొదటి ఏడాది నైలాన్‌తోనే గడపడం అన్ని విధాలా సుఖం.

స్పూల్‌ను అంచుకు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల దిగువ దాకా నింపాలి. తక్కువ నింపితే దారం అంచుకు రాసుకుని దూరం పడదు. ఎక్కువ నింపితే చుట్లు గుత్తులుగా ఊడి చిక్కుపడతాయి. రీల్ దూరం వేయడం లేదని తిట్టుకునేవాళ్లలో చాలామంది స్పూల్‌ను సగమే నింపి ఉంటారు.

డ్రాగ్

దారం మీద లాగుడు ఒక హద్దు దాటగానే స్పూల్ జారి దారాన్ని వదిలే ఏర్పాటు డ్రాగ్. లోపల ఫెల్టు, ఫైబరు లేదా కార్బన్ బిళ్లలు, లోహపు బిళ్లలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పైన మర బిగిస్తే వాటి మధ్య రాపిడి పెరుగుతుంది.

పెట్టె మీద 8 కిలోలు, 10 కిలోలు అని పెద్ద అక్షరాలతో వేసేది గరిష్ఠ డ్రాగ్. దానికి మురిసిపోనక్కర్లేదు. డ్రాగ్‌ను దారం తెగే బరువులో నాలుగో వంతుకో మూడో వంతుకో సరిచేసుకోవడం వేటగాళ్ల అలవాటు. ఆరు కిలోలకు తెగే దారానికి ఒకటిన్నర, రెండు కిలోలు సరిపోతాయి. అందుకే చూడవలసింది ఎంత బిగుస్తుందని కాదు, ఎంత నునుపుగా మొదలవుతుందని. నాసిరకం డ్రాగ్ ముందు మొరాయించి తర్వాత ఒక్కసారిగా వదిలేస్తుంది. ఆ కుదుపుకే దారం తెగుతుంది. దుకాణంలో డ్రాగ్ సగం బిగించి, స్పూల్ మీది దారాన్ని చేత్తో మెల్లగా లాగి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

మర స్పూల్ ముందు ఉండే రకం, రీల్ వెనక ఉండే రకం అని రెండున్నాయి. ముందువైపు దానిలో బిళ్లలు పెద్దవి, కాబట్టి అదే ధరలో అదే మేలు. పిండి గాలం వేసి కూర్చునేవాళ్లకు మరో సౌకర్యం ఉంది. వెనక ఒక మీట తిప్పితే చేప ఎర పట్టుకుని వెళ్తున్నా స్పూల్ తేలిగ్గా తిరుగుతుంది, పిడి తిప్పగానే అసలు డ్రాగ్ పట్టుకుంటుంది. జపాన్ కంపెనీ షిమానో దీన్ని బెయిట్‌రన్నర్ పేరుతో ప్రచారంలోకి తెచ్చింది. రవ్వ కర్రను నీళ్లలోకి ఈడ్చుకుపోయిన అనుభవం ఉన్నవాళ్లకు దీని విలువ చెప్పనక్కర్లేదు. మరీ చవక రీళ్లలో మాత్రం ఈ అదనపు యంత్రాంగమే ముందు పాడవుతుంది.

కొత్తవాళ్లు తరచూ చేసే పని ఒకటి: చేప దారం లాక్కుపోతుంటే వాళ్లూ పిడి తిప్పుతూనే ఉంటారు. డ్రాగ్ జారుతున్నప్పుడు పిడి తిప్పితే దారం లోపలికి రాదు, మెలి పడుతుంది. 5.2 నిష్పత్తి ఉన్న రీల్‌లో పిడి ఒక్క చుట్టుకు ఐదు మెలికలు. రెండు పెద్ద చేపలు ఇలా పడితే నూరు మీటర్ల దారం పనికిరాకుండా పోతుంది.

గేర్లు, బేరింగులు

ఆ 5.2 అన్న అంకెకు అర్థం, పిడి ఒకసారి తిరిగితే రోటర్ 5.2 సార్లు తిరుగుతుందని. స్పూల్ మీది దారపు ఉండ వ్యాసం 48 మిల్లీమీటర్లు అనుకుంటే చుట్టుకొలత 15 సెంటీమీటర్లు, పిడి ఒక తిప్పుకు దాదాపు 78 సెంటీమీటర్ల దారం వస్తుంది. 6కు పైన ఉంటే త్వరగా చుట్టుకుంటుంది, కప్ప బొమ్మను ఆడించడానికి బాగుంటుంది. కానీ బరువు లాగడం కష్టమవుతుంది. 5కు అటూ ఇటూ ఉన్నది ఇక్కడి అన్ని వేటలకూ నడుస్తుంది.

బేరింగుల సంఖ్యను నమ్మి మోసపోయేవాళ్లు ఎక్కువ. అయిదారు వందల రూపాయల రీల్ మీద 12 బేరింగులు అని రాసి ఉండవచ్చు. వాటిలో పిడి పట్టులో, స్పూల్ కింద పెట్టినవి పనికి పెద్దగా అక్కరకు రావు. నిజంగా భారం మోసేవి పెద్ద గేరుకు రెండు వైపులా రెండు, పినియన్ అనే చిన్న గేరు దగ్గర ఒకటి, వీలైతే లైన్ రోలర్‌లో ఇంకొకటి. మంచి కంపెనీ మూడు బేరింగుల రీల్, ఊరూ పేరూ లేని పన్నెండు బేరింగుల దానికంటే ఎక్కువ కాలం ఉంటుంది. పిడి వెనక్కి తిరగకుండా ఆపే రోలర్ క్లచ్ విడిగా ఉంటుంది. దాన్ని పెట్టె మీద ప్లస్ ఒకటి అని చూపిస్తారు.

ఈ ధరలో గేర్లు జింకు మిశ్రమంతో పోతపోసినవే ఉంటాయి, పినియన్ ఇత్తడిది ఉంటే మేలు. బాడీ గ్రాఫైటు అని చెప్పే నైలాన్-ఫైబరు మిశ్రమం. ఉప్పు గాలి లేని కాటారంలో అల్యూమినియం బాడీ కోసం ఎక్కువ పెట్టాల్సిన పని లేదు. స్పూల్ మాత్రం అల్యూమినియందే తీసుకోవాలి. ప్లాస్టిక్ స్పూల్ రాయికి తగిలి అంచు చిట్లితే ప్రతి విసురులోనూ దారం గీసుకుపోతుంది.

కొనేటప్పుడు

గాలాలు, తంగూసు, సీసం గుండ్లు అంగళ్లలో దొరుకుతాయి. రీల్ కోసం వరంగల్, హైదరాబాద్ వెళ్లాలి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. వీలైతే మొదటిది చేత్తో పట్టి చూసి కొనాలి. పిడిని నిలిపి వెనక్కి లాగితే ఆట ఉండకూడదు. రోటర్‌ను వేలితో తోస్తే ఊగకూడదు. బెయిల్ తీగ తెరిచి మూస్తే గట్టిగా టక్కుమని పడాలి. లైన్ రోలర్ మీద తడి దారం పెట్టి లాగితే రోలర్ తిరగాలి. చవక రీళ్లలో అది తిరగకపోవడమే ఎక్కువ, దారం మెలిపడడానికి అది సగం కారణం. పిడి రీల్‌లోకి నేరుగా మరలాగా బిగిసే రకం, అవతలి వైపు నుంచి బోల్టు వేసే రకం కంటే గట్టిగా ఉంటుంది. పిడిని ఎడమకో కుడికో మార్చుకునే వీలు దాదాపు అన్నింటిలోనూ ఉంది.

ధరల్లో రెండు మెట్లు కనిపిస్తాయి. వెయ్యి లోపు దొరికే పేరులేని రీళ్లు కర్రతో కలిపి సెట్టుగా కూడా వస్తాయి. పిల్లలకు, సెలవుల సరదాకు ఫరవాలేదు. విడిభాగాలు దొరకవు, బెయిల్ స్ప్రింగు విరిగితే అంతటితో సరి. సుమారు 1500 నుంచి 3500 రూపాయల మధ్య పెద్ద కంపెనీల తొలిమెట్టు రీళ్లుంటాయి. షిమానో వారి ఎఫ్‌ఎక్స్, సియెన్నా, డైవా వారి స్వీప్‌ఫైర్, క్రాస్‌ఫైర్ ఈ కోవలోవి. షిమానో మన సైకిల్ గేర్ల మీద కనిపించే పేరే. 1921లో జపాన్‌లోని సకాయ్‌లో సైకిల్ ఫ్రీవీల్ తయారీతో మొదలై, 1970లో చేపల సామానులోకి వచ్చింది. 1932లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టిన పెన్, తైవాన్ కంపెనీ ఒకుమా కూడా ఈ మెట్టులో రీళ్లు అమ్ముతాయి. పేరున్న రీళ్లకు నకళ్లు రావడం మామూలే కాబట్టి బిల్లు ఇచ్చే చోట కొనాలి.

మూడు వేలు చేతిలో ఉంటే మొత్తం రీల్ మీదే పెట్టడం తెలివి కాదు. సగం రీల్‌కు, మూడో వంతు కర్రకు, మిగిలింది మంచి దారానికి, గాలాలకు పోవాలి. తుప్పు పట్టిన గాలం నుంచి జారిపోయిన చేపను ఏ రీలూ వెనక్కి తేలేదు.

ఇసుక, నూనె

ఇక్కడ రీళ్లను తినేది ఉప్పు కాదు, గోదావరి సన్న ఇసుక. తిన్నె మీద కర్రను పడేస్తే బెయిల్ కీలులోకి, లైన్ రోలర్‌లోకి, స్పూల్ కిందికి ఇసుక చేరుతుంది. గ్రీజు దాన్ని పట్టుకుని సానరాయి పేస్టులా మారుస్తుంది. రెండు వెదురు పంగలు నాటి కర్రను వాటి మీద ఆనిస్తే రీల్ ఆయుష్షు రెట్టింపవుతుంది, ఖర్చు లేదు.

ఇంటికి వచ్చాక డ్రాగ్ బిగించి పైనుంచి సన్నగా నీళ్లు చల్లాలి. బిగించడం వల్ల నీళ్లు బిళ్లల్లోకి పోవు. బకెట్టులో ముంచకూడదు. ఆరిన తర్వాత డ్రాగ్ వదులు చేసి దాచాలి, బిగించే ఉంచితే ఫెల్టు బిళ్లలు అణిగిపోతాయి. లైన్ రోలర్‌కు, పిడి పట్టుకు, బెయిల్ కీళ్లకు కుట్టుమిషన్ నూనె చుక్క చాలు. కొబ్బరినూనె, వంటనూనె కొన్నాళ్లకు జిగురై యంత్రాన్ని బిగదీస్తాయి. గేర్లకు ఏడాదికోసారి తెల్ల లిథియం గ్రీజు పెట్టాలి. వెనక్కి తిరగకుండా ఆపే క్లచ్‌లో మాత్రం గ్రీజు పెట్టరాదు. పెడితే అది జారి, చేప లాగినప్పుడు పిడి వెనక్కి తిరిగి వేళ్ల మీద కొడుతుంది. విసిరాక బెయిల్‌ను పిడి తిప్పి కాకుండా చేత్తో మూస్తే స్ప్రింగు ఎక్కువ కాలం ఉంటుంది, దారం వదులు చుట్లు పడదు.

అనుమతులు, జాగ్రత్తలు

ఊరి చెరువులో చేపల మీద హక్కు సాధారణంగా స్థానిక మత్స్యకార సహకార సంఘానిది. ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలకు అది బతుకుదెరువు. కొత్త రీల్ పట్టుకుని వెళ్లేముందు సంఘం పెద్దలను అడగాలి. కొన్ని చోట్ల రోజుకు ఇంతని తీసుకుని ఒప్పుకుంటారు, కొన్ని చోట్ల చేప పిల్లలు వేసిన నెలల్లో ఒప్పుకోరు. మంథని వైపు గోదావరి ఒడ్డున శివ్వారం అభయారణ్యం మొసళ్ల కోసం ఏర్పాటైనది. దాని హద్దుల్లో వేట చట్టరీత్యా కుదరదు. మొసళ్లకు ఆ హద్దులు తెలియవు కాబట్టి ఈ తీరంలో నడుము లోతు నీళ్లలో దిగి గాలం వేయడం ఎక్కడా క్షేమం కాదు. బరాజుల గేట్ల దిగువన నీటిని వదిలితే మట్టం నిమిషాల్లో పెరుగుతుంది. కార్బన్ కర్రలు కరెంటును ప్రవహింపజేస్తాయి. కట్టల మీదుగా వెళ్లే విద్యుత్ తీగల కింద గాలం విసరకూడదు, ఉరుములు మొదలైతే కర్రను కింద పెట్టి దూరంగా వెళ్లాలి.